అడ్వెంచర్ గేమ్ పాత ఫోర్‌ట్రాన్ కోడ్ కంపైల్ అవ్వట్లేదు, హెల్ప్ ప్లీజ్

పాతకీబోర్డు: కొలొసల్ కేవ్ అడ్వెంచర్ (మాటలు టైప్ చేసి ఆడే పాత గుహ గేమ్) 1977 సోర్స్ కోడ్ దొరికింది కానీ కంపైల్ చేస్తే ఎర్రర్లే ఎర్రర్లు, పైగా కోడ్ రాసినాయన మాటల్ని ఇంటిజర్లలో (పూర్ణాంకాల్లో) పెట్టి పోలుస్తున్నాడు, ఇదేం గోల?

గుహవాసి: అదంతా పీడీపీ-10 అనే అప్పటి పెద్ద కంప్యూటర్ మహిమండీ. ఆ మెషిన్‌లో ఒక వర్డ్ (ఒక ఇంటిజర్ పట్టే మెమరీ ముక్క) అంటే 36 బిట్లు, 7 బిట్ల అక్షరాలు ఐదు పట్టేసి ఇంకో బిట్ మిగుల్తుంది, అందుకే గేమ్ మనం కొట్టిన మాటలో మొదటి ఐదక్షరాలే చూస్తుంది, పోల్చడం చిటికెలో పని. అదే 32 బిట్ల వర్డ్‌లో నాలుగే పడతాయి కదా, అక్కడే కొంప మునుగుతుంది. ఆ ఇంటిజర్లని స్ట్రింగులుగా, అంటే అక్షరాల వరసలుగా, మార్చేసుకోండి.

సెమీకోలన్: ఈ తిప్పలు జిమ్ గిలాగ్లీ 1977లోనే పడ్డాడు, యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గేమ్‌ని సీ భాషలోకి మార్చాడు. ఊరికే ఆడాలంటే 2017లో ఎరిక్ రేమండ్ బయటపెట్టిన ఓపెన్ అడ్వెంచర్ చాలు, కాకపోతే అది మొత్తం స్కోరు 430 పాయింట్లుండే వెర్షన్, మీది 350ది.

గుహవాసి: ఈ మెషిన్ల తేడా గొడవ లేకుండా చూసుకున్న ఇన్ఫోకామ్ అనే గేమ్ కంపెనీ వాళ్లు మాత్రం గడుసోళ్లు, ఇలాంటిదే ఇంకో గేమ్, జోర్క్‌ని జెడ్-మెషిన్ అనే ఊహా కంప్యూటర్‌కి రాసి, ఒక్కో మెషిన్‌కి ఇంటర్‌ప్రెటర్ (ఆ ఊహా కంప్యూటర్ కోడ్‌ని అసలు మెషిన్‌లో నడిపే ప్రోగ్రామ్) మాత్రం మార్చుకున్నారు.

పాతకీబోర్డు: ఓహో, ఐదక్షరాల లెక్క ఇదా! ఆడటం కాదండీ, నాకు ఆ పాత కోడే నడవాలి, రాత్రికి కూర్చుంటా.