అప్‌డేట్: వానలో బైక్ వెనక చక్రం జారడం – కారణం రేసింగ్ టైరే

విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ దిగుతుంటే వెనక చక్రం పక్కకి జారుతోందని పోయిన నెల అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్. 'ముందు టైరు చూపించు తమ్ముడూ' అన్న అన్నగారి మాటే నిజమైంది. ఆటోనగర్ మెకానిక్ చేత్తో తడిమి చెప్పేశాడు: నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది రేస్ ట్రాక్ మీద వాడే స్లిక్ టైరు. గాడులే లేవు, నీళ్లు బయటికి పోయే దారి లేదు. పైగా ఆ రబ్బరు 80 డిగ్రీల దాకా వేడెక్కితేనే రోడ్డును సరిగ్గా పట్టుకుంటుందట. బెంజి సర్కిల్ సిగ్నళ్ల మధ్య అంత వేడి ఎక్కదు. పొద్దున్నే పొడి రోడ్డు మీదా జారింది అందుకే. మెత్తని రబ్బరు కదా, నడిమధ్య అప్పుడే అరిగిపోయింది కూడా.

చైను, షాక్ అబ్జార్బర్లు, టైర్లో గాలి – వీటికి సంబంధం లేదు. మామూలు రోడ్డు టైరు వేయించాక రెండు వానల్లో తిరిగాను, ఒక్కసారీ జారలేదు. చవగ్గా వస్తోందని స్లిక్ మాత్రం కొనకండి. బండి జారిన రోజు నా వెనక మా చెల్లి కూర్చుని ఉంది.