నెట్‌వర్క్ బూట్ ల్యాబ్: రెండు కార్డులున్న మెషీన్లలో ఈత్0 ఏది?

ప్రశ్న – ల్యాబ్ టెక్నీషియన్
అందరికీ నమస్కారం. మా పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబ్ నేనే చూసుకుంటాను. 28 మెషీన్లు, ఒక్కదానికీ హార్డ్ డిస్క్ లేదు. పీఎక్స్‌ఈతో (డిస్క్ లేకుండా నెట్‌వర్క్ నుంచే బూటయ్యే పద్ధతి) బూటై, సర్వర్‌లో ఉన్న ఒకే డెబియన్ లైనక్స్ రూట్‌ను (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే డైరెక్టరీ) ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే పద్ధతి) మీద వాడుకుంటాయి. మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. పోయిన వారం ఇంకో 12 వచ్చాయి. వీటికి బోర్డు మీద ఒక పోర్టు, విడిగా బిగించిన కార్డుకి ఇంకో పోర్టు. కేబుల్ బోర్డు పోర్టుకే పెట్టాను. పీఎక్స్‌ఈకి అడ్రస్ వస్తుంది, కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) దిగుతుంది, ఆ తర్వాత ఈత్0కి (లైనక్స్ మొదటి నెట్‌వర్క్ కార్డుకు పెట్టే పేరు) అడ్రస్ రాక నల్ల తెర మీద ఆగిపోతుంది. ఐదు మాత్రం లేస్తున్నాయి. వాటిలో ఒకటి పొద్దున లేచి మధ్యాహ్నం మొరాయించింది.

కెర్నల్ లైనులో (బూటయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాలు) నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 (ఈత్0 లాంటి పాత పేర్లే ఉంచమని) ఉంది, ఐపీ=:::::ఈత్0:డీహెచ్‌సీపీ (ఈత్0కి సర్వర్ నుంచి అడ్రస్ అడగమని) ఉంది. మొదటిది తీసేస్తే కొత్తవాటిలో ఈఎన్ఓ1, పాతవాటిలో ఈఎన్‌పీ2ఎస్0 అని పేర్లు వస్తున్నాయి. ఒకే లైనులో రెండు పేర్లు ఎలా రాయాలి? సోమవారం నుంచి ప్రాక్టికల్స్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు – పాత లైనక్స్ అడ్మిన్
అసలు పేరే రాయకండి సార్. ఏ కార్డు డ్రైవర్ ముందు లోడైతే దానికి ఈత్0 పడుతుంది. అందుకే ఒకే మెషీన్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా. 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు మొదలుపెట్టే ప్రోగ్రామ్) 197వ వెర్షన్‌తో కార్డు ఉన్న చోటును బట్టి పేర్లు పెట్టే పద్ధతి వచ్చింది ఇందుకే. కానీ మీ మెషీన్లు రెండు రకాలు, పేరు ఎటూ ఒకటే రాదు.

ఏ కార్డు నుంచి బూటయిందో పీఎక్స్ఈలైనక్స్‌కు (నెట్‌వర్క్ మీద కెర్నల్‌ను తెచ్చి లోడ్ చేసే ప్రోగ్రామ్) తెలుసు. దాని కాన్ఫిగ్ ఫైల్లో మీ బూట్ ఎంట్రీ లేబుల్ కింద ఐపీఅపెండ్ 2 అని ఒక్క లైను వేయండి. బూట్ఐఎఫ్=01- అని, దాని వెనక ఆ కార్డు మ్యాక్ అడ్రస్‌ను (కార్డుకుండే సొంత నంబర్) కెర్నల్ లైనుకు అదే తగిలిస్తుంది. 01 అంటే ఈథర్నెట్ అని గుర్తు. మీరు ఐపీ=డీహెచ్‌సీపీ అని వదిలేస్తే, డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (రూట్ దొరికేదాకా మెమరీలో నడిచే చిన్న సిస్టమ్) ఆ మ్యాక్ ఉన్న కార్డునే వెతికి పట్టుకుంటుంది.

జవాబు – ఇంకో ల్యాబ్ నుంచి
అన్నా, ఇంకొక్క మాట. రూట్ లోపల ఇంటర్ఫేసెస్ ఫైల్లో (నెట్‌వర్క్ కార్డుల సెట్టింగులు ఉండేది) ఈత్0కి డీహెచ్‌సీపీ అని ఉంటే తీసేయండి, లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తనే మాట్లాడుకునే ఇంటర్ఫేస్) ఒక్కటే ఉంచండి. నెట్‌వర్క్‌మేనేజర్ (కనెక్షన్లను తనంతట తానే చూసుకునే ప్రోగ్రామ్) ఉంటే ఈథర్నెట్ జోలికి రావద్దని దానికీ రాయండి. రూట్ మొత్తం ఆ తీగ మీదే ఉంది కదా, మధ్యలో ఏ ప్రోగ్రామైనా కార్డును ఆపిందంటే అంతే. నాకు ఒకసారి అలాగే అయింది. మౌస్ కదులుతోంది కానీ ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, కన్సోల్‌లో మాత్రం ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పలకడం లేదన్న మెసేజ్.

ల్యాబ్ టెక్నీషియన్
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని రెండూ చేశాను. నెట్.ఐఎఫ్‌నేమ్స్ కూడా తీసేశాను. 40 మెషీన్లూ లేచాయి. మధ్యాహ్నం మొరాయించినదాన్ని పదిసార్లు ఆపి వేశాను, పదిసార్లూ లాగిన్ దాకా వచ్చింది. దాని రన్ డైరెక్టరీలో నెట్-ఈఎన్ఓ1.కాన్ఫ్ కనిపించింది, అంటే కేబుల్ ఉన్న కార్డునే పట్టుకుంది. ఇంటర్ఫేసెస్ ఫైల్లో ఈత్0 లైను నిజంగానే ఉంది. మీరు చెప్పకపోతే అటు చూసేవాణ్నే కాదు.