భూదానంలో కర్త ఎవరు?

ప్రశ్న (జనగామ): భూదానోద్యమం ఎవరితో మొదలైనట్టు? ఇంట్లో పెద్ద లొల్లి. నాన్న వినోబా భావే అంటారు, పెదనాన్న దొరల మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటం అంటారు.

జవాబు (హనుమకొండ): అక్కా, భూమి దానమన్న మాట పాతదే. మన వేయిస్తంభాల గుడి దగ్గరున్న 1163 నాటి రుద్రదేవుని శాసనంలో మద్దిచెరువుల అనే ఊరిని గుడికి ఇచ్చిన సంగతి ఉంది. అప్పట్లో పుచ్చుకునేది దేవుడో బ్రాహ్మణుడో. చాలా దానశాసనాల చివర ‘స్వదత్తాం పరదత్తాం వా’ శ్లోకం కూడా కనిపిస్తుంది: ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడట. ఎందులో పుడతాడో ఇక్కడ రాయను.

1951లో పుచ్చుకునేవాడు మారాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని వినోబాను అడిగాయి: సగం తరి (నీటి పారకం ఉన్నది), సగం ఖుష్కి (మెట్ట). వినోబా ఊరివాళ్ల వైపు తిరిగి మీరేమైనా చేయగలరా అంటే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

పెదనాన్న మాటా కొట్టిపారేసేది కాదు. 1946లో కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. తర్వాత ‘దున్నేవానికే భూమి’ అని ఊళ్లకు ఊళ్లే లేచాయి. పోచంపల్లి నాటికి పోరాటం ఇంకా విరమించలేదు, అది అదే ఏడు అక్టోబర్‌లో. కానీ ఒక్క పోరాటం భయంతోనే దానం అయ్యేదైతే దొరలు ముందే రాసిచ్చేవాళ్లు. రాసివ్వకుండా వాళ్లు పట్నం (హైదరాబాద్) పోయి, నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చారు.

ఇంకొకరు (కరీంనగర్): సార్, దానం అంటే బిచ్చం వేసినట్టు లేదా? వినోబా మాత్రం ఆదిశంకరుల ‘దానం సంవిభాగః’ చూపించి, పంచుకోవడమే అనేవారు.

జవాబు: శంకరుల గీతాభాష్యంలో ఉన్నది ‘దానం యథాశక్తి సంవిభాగః అన్నాదీనామ్’ అండీ. అంటే అన్నం వగైరా, అదీ చేతనైనంత. వినోబా దాన్ని భూమి దాకా లాగారు. మంచి పనే, కానీ ఆ లాగుడు ఆయనది, శంకరులది కాదు.

నన్నడిగితే మొదలుపెట్టింది అడిగినవాళ్లే. వ్యాకరణంలో దాత కర్త, పుచ్చుకునేవాడు సంప్రదానం. అందుకే మనకు దాత పేరు నోటికొస్తుంది, ఆ నలభై ఇళ్లలో ఒక్క పేరూ రాదు. వాళ్లు ‘దానం చేయండి’ అనలేదు, బతకడానికి భూమి కావాలన్నారు.

అక్కా, పోరాటంలో పంచిన భూమిని మీ పెదనాన్న వాళ్ల ఊళ్లో ఏమనేవారు? పంపకమా, ఇంకేదైనా మాట ఉందా? అడిగి రాయండి.