అప్‌డేట్: కుడి మోకాలి ఆపరేషన్ తర్వాత ఎడమ మోకాలికి వచ్చిన నొప్పికి కారణం తెలిసింది

కుడి మోకాలి లిగమెంట్ ఆపరేషన్ నుంచి కోలుకుంటుండగా, అంతవరకు బాగున్న ఎడమ మోకాలి లోపలి వైపు మెట్లు ఎక్కేటప్పుడూ, రాత్రి పక్కకు తిరిగి పడుకున్నప్పుడూ నొప్పి వస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆపరేషన్ తర్వాత పిక్క వాచినా, వేడిగా ఉన్నా రక్తం గడ్డకట్టి ఉండవచ్చని, ఆలస్యం చేయవద్దని హెచ్చరించిన వారికి మరీ రుణపడి ఉన్నాను. నాకు ఆ లక్షణాలు లేవు. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ పరీక్షలోనూ ఏమీ కనిపించలేదు.

మలక్‌పేటలో మా ఇంటి దగ్గరి ఎముకల డాక్టరు గారు కీలును వదిలి, దానికి సుమారు 5 సెంటీమీటర్ల కింద, ఎముక లోపలి వైపున బొటనవేలితో నొక్కగానే ప్రాణం విలవిల్లాడింది. తొడ నుంచి దిగే మూడు కండరాల స్నాయువులు అక్కడే ఎముకకు అతుక్కుంటాయనీ, వాటి కింద ఉండే చిన్న ద్రవపు సంచి వాచిందనీ, దీనిని పెస్ ఆన్సెరిన్ బర్సైటిస్ అంటారనీ, ఆపరేషన్ అయిన కాలి బరువు కూడా ఈ కాలే మోయడం వల్ల వచ్చిందనీ వివరించారు.

ఊతకర్ర ఎత్తు చూపించుకోమన్న సలహాయే అన్నిటికన్నా పనికొచ్చింది. ఫిజియోథెరపిస్టు పిడిని మణికట్టు ఎత్తుకు దించి, తొడ వెనుక కండరాలను సాగదీసే వ్యాయామాలు నేర్పారు. రాత్రి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడంతో నిద్ర కుదిరింది. యూరిక్ యాసిడ్, కీళ్ల అరుగుదల అనుమానాలు మాత్రం నా విషయంలో నిజం కాలేదు. ఇప్పుడు మెట్రో స్టేషన్ మెట్లు నొప్పి లేకుండా ఎక్కుతున్నాను. ఎక్కువసేపు నిలబడితే కొంచెం సలుపు ఉంటోంది.