కన్యాశుల్కం: మగతనం మీద విమర్శా, మంచి మగవాడికి పట్టాభిషేకమా?

నాటకవిద్యార్థి:
1892లో తొలిసారి ప్రదర్శించి, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన ఈ నాటకంలో మగవాళ్ళ డాంబికం ఒక్కొక్కటీ నవ్వులపాలవుతుంది. ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకొచ్చే గిరీశం, వ్యాజ్యాలతో పౌరుషం చూపించుకునే అగ్నిహోత్రావధానులు, తన పలుకుబడి గురించి తానే చెప్పుకునే రామప్పపంతులు, అందరూ అంతే. ఇంత వెక్కిరింత అయ్యాక, చివరి అంకంలో సౌజన్యారావు పంతులనే మచ్చలేని వకీలును తెచ్చి అందరి లెక్కలూ ఆయన చేత తేల్పించడంతో, పెత్తనం చెడ్డ మగవాడి చేతినుంచి మంచి మగవాడి చేతికి మారింది తప్ప పోలేదని నా వాదన. అగ్నిహోత్రావధానుల కూతురు, చిన్నతనంలోనే వితంతువైన బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం కూడా ఆమె లేనిచోటే జరుగుతుంది.

పాతప్రేక్షకుడు:
బుచ్చమ్మ సంగతిలో మీ మాట కాదనలేను. “మచ్చలేని” అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. వేశ్యలతో సంపర్కమే కూడదని పట్టుబట్టిన ఆ పెద్దమనిషి దగ్గరికి వేశ్య మధురవాణి మగవేషంలో వస్తుంది. డబ్బిచ్చి చిన్నపిల్లను పెళ్ళాడబోయి హత్యానేరంలో చిక్కుకున్న ముసలి లుబ్ధావధాన్లను బయటపడేసే సమాచారానికి వెలగా ముద్దు అడుగుతుంది. ఆయన ఎంతో తర్జనభర్జన పడి చివరికి సిద్ధపడితే, చెడనివారిని చెడగొట్టవద్దన్న తల్లి మాటను తలచుకొని వెనక్కి తగ్గేది ఆమే. ఆయన నియమం నిలిచింది ఆమె దయవల్ల. మచ్చలేని నాయకుడే కావాలనుకుంటే గురజాడకు ఈ ఘట్టంతో పనేముంది?

తెరవెనుక:
వేషాల సంగతి మీరిద్దరూ వదిలేశారు. కుర్రాడు మహేశం ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లకు పెళ్ళికూతురవుతాడు, మధురవాణి మగవాడై వకీలు ఇంటికి వెళుతుంది. రెండుచోట్లా చూసేవాళ్ళు వేషాన్నే మనిషి అనుకుంటారు. స్థానం నరసింహారావు వంటి నటులు స్త్రీపాత్రలు ధరించిన రోజుల్లోనైతే, మగవాడు స్త్రీగా, ఆ స్త్రీ మళ్ళీ మగవాడిగా రంగం మీదికి వచ్చేవారన్నమాట. మగతనం కూడా పంచె, తలపాగాలాగా తొడుక్కునేదేనన్న సంగతి ఇంతకన్నా సూటిగా చూపించడం కష్టం. నిడివి తగ్గించడానికి ఆ ముద్దు ఘట్టాన్ని కత్తిరించారంటే మాత్రం సౌజన్యారావు నిజంగానే విగ్రహమైపోతాడు. అప్పుడు నాటకవిద్యార్థి గారి ఆరోపణకు జవాబుండదు.

నాటకవిద్యార్థి:
ముద్దు ఘట్టం విషయంలో నా మాట సవరించుకుంటున్నాను. శరణాలయం విషయంలో సవరించుకోను. మధురవాణి ముందు తలవంచిన ఆ మనిషే, అదే రాత్రి, బుచ్చమ్మ ఇష్టమేమిటని ఎవరినీ అడగడు.