పాత ట్రాక్టర్ హైడ్రాలిక్స్ వేడెక్కుతుంటే ముందు కూలరా, ముందు లోపం వెతకడమా?

చాలు_వాలు (ప్రశ్న)

నాది పిటిఓ (ఇంజన్ శక్తిని వెనక పనిముట్లకు అందించే షాఫ్ట్) లీవర్ వేస్తేనే లిఫ్ట్ లేచే పాత రకం ట్రాక్టర్. గేర్లకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. పొద్దున కల్టివేటర్ చక్కగా లేస్తుంది. కాసేపు దున్నాక వెనక పెట్టె మీద చెయ్యి ఆనించలేను, లిఫ్ట్ కూడా మెల్లగా లేస్తుంది. ఒకరు కూలర్ పెట్టమంటారు, ఇంకొకరు పంపే మార్చమంటారు. ఏది ముందు చెయ్యాలి?

పానా_పట్టు

కూలర్ పెట్టండి, ఆయిల్ కాస్త చిక్కనిది పోయండి. ఈ వయసు బండికి పంపు, సిలిండర్, వాల్వు అన్నీ కొంచెం కొంచెం అరిగే ఉంటాయి. ఒకదాని కోసం పైమూత విప్పితే ఇంకో నాలుగు బయటపడతాయి. విడిభాగాలు దొరికేలోపు అదను దాటిపోతుంది. వేడి తగ్గితే ఆయిల్ పల్చబడదు, లిఫ్ట్ లేస్తుంది. రైతుకు కావలసింది అదే కదా.

గేజి_ముల్లు

పానా గారూ, అదను మాట నిజమే, కాదనను. కానీ ఆ వేడి ఎక్కడ పుడుతోందో తెలియకుండా కూలర్ పెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

హైడ్రాలిక్ ఆయిల్ ఊరికే వేడెక్కదు. ప్రెజర్‌తో వచ్చిన ఆయిల్ ఏ పనీ చెయ్యకుండా ఒక సందులోంచి జారిపోతే, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. లెక్క కూడా తేలికే. నిమిషానికి ఎన్ని లీటర్లో, ఎన్ని బార్ల ప్రెజరో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 20 లీటర్లు 150 బార్ల దగ్గర రిలీఫ్ వాల్వులోంచి, అంటే ప్రెజర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ను వదిలేసే వాల్వులోంచి, పోతుంటే 5 కిలోవాట్లు. అంటే ఒక్కో కిలోవాట్ హీటర్లు ఐదు తెచ్చి ఆయిల్లో ముంచినట్టే. ఆ కన్నం అలాగే ఉంచి పైనుంచి చల్లబరిస్తే, ఇంజన్ ఖర్చు చేసిన డీజిల్‌ను గాలిలోకి వదులుతున్నామన్నమాట.

చాలు గారూ, పానా పట్టేముందు థర్మామీటర్ పట్టండి. లోహం 55, 60 డిగ్రీలకు వచ్చిందంటే చెయ్యి ఆనించలేం, కానీ ఆయిల్‌కు అది మామూలు వేడే. 80 దాటితేనే భయపడాలి. అక్కడి నుంచి సీళ్లూ ఆయిలూ త్వరగా పాడవుతాయి.

మీ బండి రకంలో ఇంకో సదుపాయం ఉంది. ఫెర్గూసన్ టీఈ20, ఫోర్డ్ 8ఎన్ లాంటి వాటిలో పంపు తిరిగేది పిటిఓ షాఫ్ట్ మీదే. పిటిఓ తీసేసి అంతసేపూ బండి నడపండి. అప్పుడూ పెట్టె అంతే కాలితే తప్పు హైడ్రాలిక్స్‌ది కాదు. బేరింగో, గేరో, మరీ ఎక్కువగా పోసిన ఆయిలో చూసుకోవాలి. పిటిఓ వేశాకే కాలితే అప్పుడు పంపు, వాల్వు, సిలిండర్ వైపు వెళ్లండి.

ఆ పాత పంపుల్లో కంట్రోల్ వాల్వు పంపులోకి ఆయిల్ వచ్చే దారిలోనే ఉంటుంది. లిఫ్ట్ కదలనప్పుడు పంపుకు ఆయిలే అందదు, కాబట్టి వేడి పుట్టే అవకాశం తక్కువ. (ఈ పద్ధతి మీద ఫెర్గూసన్, ఫోర్డ్ కోర్టుకెక్కారు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తర్వాత 1953లో వచ్చిన ఫోర్డ్ ఎన్ఏఏలో పంపును ఇంజన్‌కే తగిలించారు.) అలాంటి పంపు విడవకుండా ఆయిల్ తోస్తోందంటే రెండిట్లో ఒకటి. లోపల కారిపోతున్నదాన్ని నింపుతూ ఉండాలి, లేదా లిఫ్ట్ పైకొచ్చి ఆగిపోయాక కూడా ఇంకా ఎత్తాలని చూస్తుండాలి.

పానా_పట్టు

లెక్క బాగుంది. చిక్కటి ఆయిల్ పోశాక లిఫ్ట్ బాగుపడిన బండ్లు నేను కళ్లారా చూశాను. దానికేమంటారు?

గేజి_ముల్లు

బాగుపడుతుంది అన్నా, నేనూ చూశాను. అరిగిన సందుల్లోంచి చిక్కటి ఆయిల్ తక్కువగా కారుతుంది, అంతే. కానీ చలి పొద్దున అదే ఆయిల్ జల్లెడ దాటి పంపులోకి సరిగా రాదు. పంపు గాలి పీల్చినట్టు ఈలవేస్తుంది, లోపలి లోహం కొరుక్కుపోతుంది. పైగా అదే ఆయిల్‌తో గేర్లూ నడవాలి, కొన్ని మోడళ్లలో ఆయిల్లో మునిగి పనిచేసే తడి బ్రేకులు కూడా. మాన్యువల్ చెప్పిన రకం వదిలి మన ఇష్టానికి పోసేది కాదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. లిఫ్ట్ బలహీనపడిందని రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్లు పెట్టి బిగిస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. గేజి పెట్టి చూడండి. మాన్యువల్‌లో ఉన్న ప్రెజర్ కంటే ముందే తెరుచుకుంటుంటే వాల్వునే మార్చండి. బిగించిన వాల్వు వల్ల పగిలేది సిలిండరో పైమూతో, ఆ పక్కన ఉండేది మనిషి.

మట్టి_బాట

నేను కూలర్ పక్షమే, అయితే ఒక షరతు మీద. నా పాత బండికి ముందు లోడర్ తగిలించి ఉంది. హైడ్రాలిక్ మోటార్ కూడా రోజంతా తిరుగుతుంది. దాని రిటర్న్ ఆయిల్ ఎలాగూ వేడిగానే వస్తుంది, అక్కడ కూలర్ తప్పదు. దాన్ని రిటర్న్ లైనులోనే పెట్టాలి, ప్రెజర్ లైనులో పెడితే పగులుతుంది. కూలర్ కొనేముందు క్విక్ కప్లర్లు (గొట్టాలను చేత్తో తగిలించే జాయింట్లు) మాత్రం చూసుకోండి. రిటర్న్ వైపుది పూర్తిగా దిగకపోతే ఆయిల్‌కు దారి లేక రిలీఫ్ వాల్వులోంచే పోతుంది.

చాలు_వాలు

గేజి గారూ, చెప్పినట్టే చేశాను. పిటిఓ తీసేసి నడిపితే పెట్టె గోరువెచ్చగా ఉంది. వేసి దున్నితే థర్మామీటర్ 80 దాటింది. ఇంకో సంగతి గమనించాను. లీవర్ పూర్తిగా పైకి లాగి ఉంచితే కీచుమంటోంది, కొంచెం దించితే ఆగిపోతోంది. చాలు చివర తిరిగేటప్పుడల్లా నేను లీవర్‌ను పైకే వదిలేస్తాను.

గేజి_ముల్లు

ఆ కీచు శబ్దం రిలీఫ్ వాల్వుదే. లిఫ్ట్ చేతులు పైన ఆగిపోయినా పంపు ఆగట్లేదు. పైమూత కింద లీవర్‌ను వాల్వుతో కలిపే లింకేజీ సర్దుబాటు తప్పి ఉంటుంది, అది పంపు మార్చేంత పని కాదు. ఈ లోపల లీవర్‌ను శబ్దం ఆగేచోట పట్టి ఉంచి దున్నండి, వేడి ఎంత తగ్గిందో రాయండి. లిఫ్ట్ మెల్లగా లేవడం మాత్రం వేరే సంగతి కావచ్చు. బరువు ఎత్తి ఇంజన్ ఆపి, చేతుల ఎత్తు గుర్తుపెట్టి చూడండి. చకచకా దిగిపోతే సిలిండర్ సీలో వాల్వో కారుతున్నట్టు. నిలబడి ఉంటే అప్పుడు పంపు మీద అనుమానపడదాం. విప్పేముందు కల్టివేటర్ నేలకు దించండి. లీకు చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది, అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పానా_పట్టు

శబ్దం ఉందని మొదటే చెప్పి ఉంటే నేనూ కూలర్ మాట ఎత్తేవాణ్ణి కాదు. పైమూత విప్పేటప్పుడు కొత్త గ్యాస్కెట్ చేతిలో ఉంచుకోండి. జల్లెడ కూడా ఆ చేత్తోనే కడిగేయండి.