సమస్య: “ఉడుము చచ్చి సభల నుసురు వోసె”

నిర్వాహకుడు: కంజీర (ఉడుము తోలు బిగించి చేస్తూ వచ్చిన చిన్న చేతివాద్యం) పుట్టుక మీదే పూరించాలి. దత్తపది అడిగేవాళ్ళు ఈసారికి ఓర్చుకోండి.

గోదారిగట్టు:
పట్టు విడువలేదు బ్రతికి యుండిన నాఁడు
పనస చట్రమందుఁ బదిలమయ్యెఁ
జేతివ్రేళ్ళ క్రింద జీవమ్ముఁ గైకొని
యుడుము చచ్చి సభల నుసురు వోసె

నల్లేరు: భేష్! బతికుండగా అది గోడ వదల్దు, చచ్చాక మనం దాన్ని వదలం. మూడో పాదమే పొడిగా ఉంది. తోలు లోపలివైపు నీళ్ళు చిలకరించనిదే కంజీర కీచుమంటుంది, ‘గుం’ అనదు. “తడిపి కొట్టినంత దరువులో జీవించి” అనండి.

గోదారిగట్టు: బాగుంది, మార్చేశా.

పద్యపిపాసి:
మానుపూండి పిళ్ళె మార్చెను వాద్యమున్
భజన మఠము దాటి పైకి వచ్చెఁ
గచ్చెరీల యందు ఘనత నొందెను నేఁడు
ఉడుము చచ్చి సభల నుసురు పోసె

19వ శతాబ్దంలో పుదుక్కోట మాన్పూండియా పిళ్ళై పూనుకోకపోతే కంజీర భజనల్లోనే ఉండిపోయేది. శిష్యుడు దక్షిణామూర్తి పిళ్ళైనీ చేర్చాలనుకున్నా, గణాలు కుదరలేదు.

గోదారిగట్టు: గురువు పేరు మాత్రం కుదిరిందా? ‘యా’ కోసేశారు. కచ్చేరిలో దీర్ఘం మింగేశారు. ‘వోసె’ను ‘పోసె’ చేసి సమస్యనే మార్చేశారు!

నల్లేరు: “గానసభల యందు” అంటే దీర్ఘం గొడవ తీరుతుంది.

పద్యపిపాసి: ‘సభల’ రెండుసార్లా? పోయిన వారం ఘటం సమస్యలో మానామదురై మట్టికుండని కొండపల్లి పొణికి కర్రతో చేయించినవారు నాకు దీర్ఘాలు నేర్పడమూ!

గోదారిగట్టు: అది శ్లేష.

పద్యపిపాసి: శ్లేషకి రెండర్థాలుండాలి బాబాయ్. మీ పద్యంలో ఒకటీ లేదు.

నిర్వాహకుడు: ఘటం సంగతి అక్కడే వదిలేయండి.

వేపపూత:
చట్టమొచ్చి యుడుము జాతికి నూఱట
మేకతోలె వేది మెట్టు లెక్కె
నాఁడు సత్యమయ్యె, నవ్వులాటయె నేఁడు
“ఉడుము చచ్చి సభల నుసురు వోసె”

1972 వన్యప్రాణి చట్టంతో ఉడుము తోలు నేరమైంది కదా. ఇప్పుడు మేకతోలు, లేకపోతే సింథటిక్.

గోదారిగట్టు: చివరి పాదాన్ని కొటేషన్లో పెట్టి తప్పించుకోవడం పాత చిట్కా.

నల్లేరు: పాతదే. పోయిన సంక్రాంతికి తమరు వాడిందే.

నిర్వాహకుడు: ఈసారి మెప్పు వేపపూత గారికే. ‘మేకతోలె’లో ఆ ఒక్క ఎత్వం చాలు నాకు. పద్యపిపాసి గారూ, ‘కచ్చెరి’ సవరించి మళ్ళీ పెట్టండి.

పద్యపిపాసి: పెడతా. ముందు ఆ పొణికి ఘటం సవరణ చూపించమనండి.